మీకు తెలుసా? జొన్నరొట్టెకు పల్లీల తోడు
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో జొన్నరొట్టె తరతరాల తిండి. యాసంగి పల్లి ఈ నేలల్లో విస్తారంగా పండుతుంది. ఈ రెండింటికీ ఉన్న పొత్తు కణంలో కనిపిస్తుంది.

రొట్టెలోని పిండిపదార్థాన్ని ఎంజైమ్‌లు గ్లూకోజుగా మారుస్తాయి. కణంలో గ్లూకోజు అంచెలంచెలుగా విడిపోతున్నప్పుడు బయటపడే ఎలక్ట్రాన్లను ఎన్‌ఏడీ అనే సహ ఎంజైమ్ అందుకుంటుంది. వాటి శక్తితో మైటోకాండ్రియాలో కణానికి ఇంధనమైన ఏటీపీ తయారవుతుంది. ఎన్‌ఏడీకి ముడిసరుకు నియాసిన్, అంటే విటమిన్ బి3. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచీ శరీరం దీన్ని చేసుకోగలదు. అయితే 1 మిల్లీగ్రాము నియాసిన్‌కు దాదాపు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఖర్చవుతుంది. ఆ పని చేసే ఎంజైమ్‌లకు బి2, బి6 కూడా కావాలి. ఒక్క విటమిన్ ఒంటరిగా ఏదీ సాధించలేదు.

బి3 కరవైతే వచ్చే జబ్బు పెల్లగ్రా. ఎండ తగిలే మెడ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులుగా లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, మతి చెదురుతుంది. మక్కలు తినే దేశాల్లో పేరుపడ్డ ఈ జబ్బు దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లోనూ కనిపించింది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దీనికి కారణం కావచ్చని 1960లో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం ప్రతిపాదించింది. తర్వాతి పరిశోధనల్లో దీనిపై ఏకాభిప్రాయం కుదరలేదు.

తప్పు జొన్నది కాదు, జొన్న తప్ప మరేమీ దొరకని పేదరికానిది. రొట్టెకు తోడైన పల్లీ ఆ లోటును పూడ్చగలదు: 100 గ్రాముల పచ్చి పల్లీల్లో సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటుంది, ట్రిప్టోఫాన్ అదనం.