వీడియో చూస్తుంటే కాల్.. సౌండ్ ఆపిందెవరు? ఫోన్‌లో మైక్, స్పీకర్ ఎవరి చేతిలో ఉంటాయంటే..

షాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే బస్సులో ఎవరి ఫోన్ చూసినా ఏదో ఒక వీడియో నడుస్తూనే ఉంటుంది. మధ్యలో కాల్ వస్తే పాట దానంతట అదే ఆగిపోతుంది. మ్యాప్స్ దారి చెప్పేటప్పుడు పాట సౌండ్ కాస్త తగ్గి, మళ్లీ పెరుగుతుంది. ఇదంతా చేసేదెవరు? వీడియో యాపా, కాల్ యాపా, లేక ఫోనా? ఈ సంగతి తెలిస్తే చాలామందిని వేధించే ఇంకో డౌట్ కూడా సగం తీరుతుంది. మన మైక్‌ను ఎవరైనా వింటున్నారా అన్నదే ఆ డౌట్.

కంప్యూటర్‌లో సౌండ్ కార్డ్ అంటారు. ఫోన్‌లో విడిగా కార్డ్ ఉండదు, చిన్న చిప్ ఉంటుంది. పని మాత్రం ఒకటే. యాప్ ఇచ్చే అంకెలను స్పీకర్‌కు శబ్దంగా మార్చడం, మైక్‌లో పడ్డ శబ్దాన్ని మళ్లీ అంకెలుగా మార్చడం. వీడియోల్లో ఎక్కువగా వాడే లెక్క ప్రకారం సెకనుకు 48,000 సార్లు ఈ కొలత జరుగుతుంది. స్టీరియో అయితే ఒక్క సెకను సౌండ్‌కే 1,92,000 బైట్లు. యాప్ ఈ అంకెలను కొంచెం కొంచెంగా ముందే నింపి పెడుతూ ఉండాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా సౌండ్ తెగుతుంది, ‘టక్’మంటుంది. పాత ఫోన్లలో పాట మధ్యలో వచ్చే టకటకలకు చాలాసార్లు కారణం ఇదే.. స్పీకర్ పాడవడం కాదు.

మరి ఆ చిప్‌ను యాప్ నేరుగా ముట్టుకోవచ్చా? ఒకప్పుడు ముట్టుకునేవి. ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్. 1990ల్లో లినక్స్ కంప్యూటర్‌లో సౌండ్ కార్డ్ ఒక ఫైల్‌లా కనిపించేది. పేరు ‘/డెవ్/డీఎస్‌పీ’. ప్రోగ్రామ్ దాన్ని తెరిచి, సెకనుకు ఎన్ని కొలతలో, మోనోనా స్టీరియోనా చెప్పి, అంకెలు రాస్తే చాలు.. సౌండ్ వచ్చేది. అదే ఫైల్‌ను చదివితే మైక్ సౌండ్ దొరికేది. వాల్యూమ్ కోసం ‘/డెవ్/మిక్సర్’ అని ఇంకో ఫైల్. ఫిన్లాండ్‌కు చెందిన హన్ను సవోలైనెన్ రాసిన ఓఎస్‌ఎస్ అనే వ్యవస్థ ఇది.

చూడ్డానికి చాలా ఈజీ. చిక్కు ఎక్కడంటే, చాలా కార్డుల్లో డీఎస్‌పీని ఒకసారి ఒక్క ప్రోగ్రామే తెరవగలిగేది. పాట ప్లేయర్ పట్టుకుని కూర్చుంటే మిగతావాటికి ‘బిజీ’ అనే జవాబే. మామూలు వాళ్లకు ఇది చిరాకు. కళ్లు కనిపించని వాళ్లకు అంతకంటే పెద్ద కష్టం. స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు కూడా ఆ కార్డే కావాలి మరి. పాట మొదలైతే కంప్యూటర్ మూగబోతుంది, ఆ పాటను ఆపే బటన్ ఎక్కడుందో చెప్పే గొంతు కూడా ఉండదు. మిక్సర్ సంగతి దీనికి పూర్తిగా రివర్స్. దాన్ని ఎన్ని ప్రోగ్రాములైనా తెరవొచ్చు. ఒకటి పెంచిన వాల్యూమ్‌ను ఇంకోటి వచ్చి తగ్గించేయొచ్చు.

ఒక్కరే పట్టుకోవడం అన్నిసార్లూ తప్పు కూడా కాదు. మొయినాబాద్ వైపు ఫంక్షన్ హాల్‌లో డీజే ల్యాప్‌టాప్ నుంచి పాట వెళ్తుంటే మధ్యలో వాట్సాప్ మెసేజ్ ‘టింగ్’ అని బాక్సుల్లోంచి మోగితే ఎలా ఉంటుంది? అందుకే డీజేలు విడిగా ఒక సౌండ్ కార్డ్ పెట్టుకుంటారు. పాట దానిలోంచి, మిగతా గోలంతా ల్యాప్‌టాప్ స్పీకర్‌లోంచి. స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన ఏఎస్‌ఐఓ పద్ధతిలో అయితే పాట విండోస్ మిక్సర్ జోలికే పోకుండా నేరుగా కార్డుకు చేరుతుంది, ఆలస్యమూ తగ్గుతుంది.

లినక్స్‌లో ఓఎస్‌ఎస్ స్థానంలోకి ఆల్సా వచ్చింది. దాని మీద సౌండ్ సర్వర్లు వచ్చాయి. యాప్‌లన్నీ తమ సౌండ్‌ను సర్వర్‌కు ఇస్తాయి. అది అన్నింటినీ కలిపి కార్డుకు పంపుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ పని ఆడియోఫ్లింగర్‌ది. ఏ యాప్‌కూ చిప్ నేరుగా దొరకదు. కాల్ వస్తే పాట ఆగడం వెనక ఉన్నది ‘ఆడియో ఫోకస్’. సింపుల్‌గా చెప్పాలంటే ఒక మర్యాద.. కొత్తగా వచ్చిన యాప్ ‘ఇప్పుడు నా వంతు’ అంటుంది, పాతది తగ్గాలి. మొండి యాప్‌లు తగ్గేవి కావు. అందుకే 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి వాటి సౌండ్‌ను సిస్టమే తగ్గించేస్తోంది. ఇక స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ కోసం ఆండ్రాయిడ్ 8లోనే విడిగా వాల్యూమ్ ఇచ్చారు. పాట తగ్గించినా దాని గొంతు తగ్గదు.

అసలు సంగతి ఇక్కడుంది

స్పీకర్‌లో సౌండ్ ప్లే చేయడానికి, వాల్యూమ్ మార్చడానికి యాప్ మిమ్మల్ని అడగక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేస్తే ఆ అనుమతి వచ్చేసినట్టే. మైక్‌కు మాత్రం తప్పకుండా అడగాలి. అయితే ఇంటర్నెట్ వాడటానికి కూడా అడగక్కర్లేదు! అంటే మైక్‌కు ఒక్కసారి ‘అలో’ కొట్టాక, ఆ సౌండ్‌ను ఫోన్‌లోనే ఉంచుతుందా, బయటకు పంపుతుందా అని రెండో ప్రశ్న రాదు. చాలామంది పట్టించుకోనిది ఇదే.

బయటకు అంటే ఎక్కడికి? యాప్‌ను బట్టి ఏదో ఒక డేటా సెంటర్‌కు. అలాంటిది షాబాద్ మండలంలోనే ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో ప్రారంభించిన హైదరాబాద్ రీజియన్‌కు చెందిన కేంద్రాల్లో చందనవెల్లి ఒకటి. తమాషా ఏంటంటే ఇలాంటి చోట ఉండే సర్వర్లకు మామూలుగా స్పీకర్ ఉండదు, మైక్ ఉండదు. వాటికి మీ గొంతు ఒక అంకెల ఫైల్ మాత్రమే. సౌండ్ కార్డ్ ఉంటే తప్ప నడవని ప్రోగ్రామ్‌ను సర్వర్‌లో పెట్టాల్సి వస్తే ఆల్సాలో ఉత్తుత్తి కార్డ్ ఒకటి సృష్టిస్తారు. ఒకవైపు ప్లే చేసింది ఇంకోవైపు రికార్డ్ అవుతుంది, గదిలో మాత్రం చడీచప్పుడు ఉండదు.

మైక్ విషయంలో గూగుల్ కొన్ని తలుపులు ఒక్కొక్కటిగా మూసింది. 2018 నాటి ఆండ్రాయిడ్ 9 నుంచి వెనకాల ఖాళీగా ఉన్న యాప్‌కు మైక్ అందదు. ఆండ్రాయిడ్ 10లో రెండు మామూలు యాప్‌లు ఒకేసారి రికార్డ్ చేయబోతే ఒకదానికే నిజమైన సౌండ్ వెళ్తుంది. రెండోదానికి ఎర్రర్ రాదు, వరసగా సున్నాలు వెళ్తాయి.. అంటే నిశ్శబ్దం. కాల్ మాట్లాడుతూ స్క్రీన్ రికార్డ్ చేస్తే వీడియోలో గొంతు లేదని కంగారుపడే వాళ్లకు జవాబు ఇందులోనే ఉంది.

దివ్యాంగుల కోసం ఇచ్చిన యాక్సెసిబిలిటీ సర్వీస్‌కు అదనపు వెసులుబాటు ఉంది. కాల్ రికార్డింగ్ యాప్‌లు దాని చాటున దూరాయి. దాంతో 2022 మే 11 నుంచి ఆ దారిలో కాల్స్ రికార్డ్ చేసే యాప్‌లను ప్లే స్టోర్‌లో గూగుల్ నిషేధించింది. ప్లే స్టోర్ బయట లింకుల్లో వచ్చే ఏపీకే ఫైళ్లకు ఈ రూల్ వర్తించదు. తెలియని లింక్ నుంచి దించిన యాప్ ‘యాక్సెసిబిలిటీ ఆన్ చేయండి’ అని అడిగితే ఆగాల్సింది అక్కడే.

ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో మైక్ వాడుతుంటే పైన కుడి మూలలో ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. ఐఫోన్‌లో అయితే ఆరెంజ్ చుక్క. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే గత 24 గంటల్లో ఏ యాప్ ఎన్నింటికి మైక్ వాడిందో టైమ్‌తో సహా కనిపిస్తుంది. అక్కడే పర్మిషన్ మేనేజర్‌లో మైక్రోఫోన్ నొక్కితే అనుమతి ఉన్న యాప్‌ల లిస్ట్ వస్తుంది. టార్చ్ లైట్, క్యాలెండర్ లాంటివి అందులో ఉంటే తీసేయొచ్చు, వాటి పనేమీ ఆగదు. వాట్సాప్‌కు తీసేస్తే మాత్రం వాయిస్ మెసేజ్ పంపబోయినప్పుడు మళ్లీ అడుగుతుంది. అప్పుడు ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నది ఎంచుకుంటే సరిపోతుంది.