గ్రాహము - అనుగ్రహము

గజేంద్రమోక్షణము శ్రీమద్భాగవతమున నష్టమస్కంధమునందు 2, 3, 4 అధ్యాయములలో నున్నది. ఆపదలో మొఱపెట్టినవానికి దేవుఁడు తోడ్పడె నన్నంతతోఁ బాఠమును ముగించుట బడులలో వాడుక. ఇందలి పదములను ధాతుప్రత్యయములుగా విడఁదీసినచో నర్థ మింకను లోఁతునకుఁ బోవును.

మొసలికి గ్రాహమని పేరు. ఉపాదానార్థకమైన గ్రహధాతువుమీఁద 3-1-143 సూత్రముచే ణప్రత్యయము వచ్చి యీ రూప మేర్పడినది. ఇది వ్యవస్థితవిభాష యని కాశిక. జలచరమైనచో గ్రాహమే, జ్యోతిస్సైనచో గ్రహమే. అనుగ్రహశబ్దమునకును ధాతు వదియే. ప్రత్యయముమాత్రము 3-3-58 సూత్రవిహితమైన అప్పు. రెంటికిని మూలార్థము పట్టుటయే. మొసలిపట్టును విడిపించినదియు నొక పట్టే యన్నమాట.

సమీపశబ్దము మఱింత చిత్రమైనది. సమ్ అను నుపసర్గమునకుఁ బరమైన అప్‌శబ్దముయొక్క తొలి యకారమునకు 6-3-97 సూత్రముచే ఈకారము వచ్చును. నీరు వచ్చి కలిసిన చోటు సమీపము. ద్వీపాంతరీపశబ్దము లీ కుదురువే. పిదప రూఢిచే నీరు పోయి దగ్గఱ యను నర్థము నిలిచినది. దానినుండియే ముక్తిభేదములలో నొకటియైన సామీప్యము. తృతీయస్కంధమునఁ గపిలుఁడు సాలోక్యాదులను బేర్కొని, సేవ లేనిచో భక్తులు వాని నిచ్చినను గ్రహింపరనును. అచటను గ్రహధాతువే!

స్వతంత్రుఁడు కర్త (1-4-54). కాలు మొసలినోటఁ జిక్కి వేయేండ్లు పెనఁగినవానికి స్వాతంత్ర్య మెక్కడిది? కావున నిచట సమీపించు క్రియకుఁ గర్త హరియే. గజేంద్రుని స్తుతి నిర్విశేషమైన పరతత్త్వమునుగూర్చినది. వేర్వేఱు నామరూపముల నభిమానించు బ్రహ్మాదులు దరికి రాలేదు, సర్వాత్మకుఁడైన హరి వచ్చెను.

తామరపూవు నెత్తి పిలిచెఁ గదా, యది పురుషప్రయత్నము కాదా యని మర్కటకిశోరన్యాయవాదు లడుగవచ్చును. మొసలిమాట యేమి? అది పిలువలేదు, స్తుతింపలేదు. అయినను హరి గజమును గ్రాహముతోఁగూడఁ గొలనునుండి వెలికిఁ దీసెనని మూలము. పిదపనే చక్రముచే దాని నోరు చీల్చెను. అనుగ్రహ మిరువురకును గలిగినది. ఫలమందే భేదము. దేవలశాపముచే గ్రాహమైన హూహూగంధర్వుఁడు పూర్వరూపమును బొంది, మ్రొక్కి, స్వలోకమునకుఁ బోయెను. అగస్త్యశాపముచే గజమైన పాండ్యరా జింద్రద్యుమ్నుఁడు భగవత్స్పర్శచేఁ జతుర్భుజుఁడై, పీతాంబరధారియై, పార్షదుఁడై స్వామివెంటఁ బోయెను. శాపవిమోచనము వేఱు, సామీప్యము వేఱు. ఈ భేదమును జెప్పని పాఠము సగపాఠమే.

పోతన యొకచోట మూలమును దాఁటెను. మూలమున హరి గరుడారూఢుఁడై వచ్చును. తెనుఁగున లక్ష్మితోఁ జెప్పుటయు లేదు, వాహనమును సిద్ధపఱచుటయు లేదు. తొందర యంతయు దేవునిదే. ఇది యనుచితమని శ్రీనాథుఁ డాక్షేపించెననియు, పోతన నూతిలో ఱాయి వేసి బిడ్డ పడెనని కేక వేయఁగా నతఁడు త్రాడైనఁ గొనక పరుగెత్తెననియు నొక చాటుకథ. చరిత్రకు నది నిలువదు. బడిలోఁ జెప్పుట కడ్డులేదు.