పాత సైకిలు హ్యాండిలును భద్రముగా బిగించు విధము



సైకిలు త్రొక్కువాని క్షేమము హ్యాండిలును పట్టిన చేతులలో నున్నది. ఆ హ్యాండిలు ఒక్క బోల్టుపై నాధారపడి యున్నది. బోల్టు సడలినచో హ్యాండిలు ఒకవైపునకు తిరుగును, చక్రము వేఱొకవైపునకు పోవును. మైపాడు, కృష్ణపట్నము, ఇసకపల్లి మొదలగు మన తీరగ్రామములలో ఉప్పుగాలి యినుమును త్వరగా తినివేయును గావున ఈ విషయము మనకు మఱింత ముఖ్యము. మనుమని ముందు కూర్చుండబెట్టుకొని పోవువాడు పడినచో ఆ దెబ్బ ఒక్కనితో పోదు.

ముందుగా దీని నిర్మాణమును తెలిసికొందము. ముందు చక్రమును పట్టియుండు ఫోర్కుయొక్క గొట్టము సైకిలు మెడలోనుండి పైకి వచ్చును. హ్యాండిలు కాడ ఆ గొట్టములో దిగును. కాడ నడుమ పొడవైన బోల్టు, దాని క్రిందికొనను కోను, కాడ యడుగున చీలిక యుండును. పైనుండి బోల్టును బిగించినకొలది కోను పైకెక్కి, చీలికను విచ్చదీసి, కాడను గొట్టపు గోడకు అదిమిపట్టును.

ఇంగ్లండు పద్ధతి పాత సైకిళ్లలో కాడ లావు 7/8 అంగుళము, అనగా సుమారు 22.2 మిల్లీమీటర్లు. ఇంతకంటె సన్నని కాడలును గలవు. మద్రాసున 1949లో టి.ఐ. సైకిల్స్ సంస్థయు, లూధియానాలో 1956లో హీరో సంస్థయు వెలసిన పిమ్మట స్వదేశపు సైకిళ్లు విరివిగా వచ్చినవి. ఏండ్లు గడచినకొలది ఒకదాని భాగము మఱియొకదానిలో చేరుట సామాన్యము. కావున కొలత చూడక కాడను కొనరాదు. సన్నకాడకు రేకుముక్క చుట్టి దింపుట మిక్కిలి ప్రమాదము.

కాడను తీయునపుడు మొదట ముందు బ్రేకు కడ్డీని సడలింపవలెను. పిదప బోల్టును నాలుగైదు చుట్లు మాత్రము విప్పి, దాని తలపై కొయ్యముక్క నుంచి సుత్తితో మెల్లగా కొట్టవలెను. కోను జాఱి, కాడ వదులగును. త్రుప్పుచే రానిచో, సందులో కిరసనాయిలు పోసి ఒకటిరెండు రాత్రులు ఉంచుడు. బలముకొలది మెలిపెట్టినచో ఫోర్కు వంగును. వెలికి వచ్చిన కాడను తుడిచి, చీలికవద్ద నెఱ్ఱె గాని, త్రుప్పు తిన్న గుంట గాని యున్నదేమో వెలుతురులో చూడుడు. ఉన్నచో దానిని మరల వాడకుడు.

శాస్త్రములలో స్థూణానిఖనన న్యాయమని యొకటి గలదు. గుంజను పాతువాడు దానిని మాటిమాటికి కదలించి చూచుచు, గట్టిగా నాటుకొనువఱకు దింపునని దాని భావము. హ్యాండిలునకును ఈ లోతు, ఈ పరీక్ష రెండును వలయును.

మొదటిది లోతు. కాడపై హద్దుగీత యున్నచో అది గొట్టములో మునిగి యుండవలెను. గీత లేని పాతకాడయైనచో, కోనును విడిచి కాడ క్రిందికొననుండి రెండున్నర అంగుళములకు తక్కువ కాకుండ లోపల నుండవలెను. ఏలయన, ఫోర్కు గొట్టపు పైభాగమున మరచుట్లు కోయబడి గోడ పలుచనై యుండును. కోను అచ్చట విచ్చుకొనినచో గొట్టము ఉబ్బును, పగులును. ఎత్తు చాలదని కాడను పైకి లాగరాదు. పొడవైన కాడను తెచ్చుకొనవలెను.

కాడకును, కోనునకును, బోల్టు మరలకును పలుచగా గ్రీజు పూయుడు. ఉప్పుగాలికి అదియే కవచము. కోనుమీది చిన్న మొటిమ చీలికలో కూర్చుండునట్లు చూచి, హ్యాండిలును చక్రమునకు సరిగా అడ్డముగా నిలిపి బిగింపుడు.

రెండవది పరీక్ష. ముందు చక్రమును మోకాళ్ల నడుమ నొక్కి, హ్యాండిలును రెండుచేతుల గట్టిగా త్రిప్పి చూడుడు. కదలినచో బోల్టును మఱికొంచెము బిగించి మరల చూడుడు. కదలకున్న పిదప ఇంకను బిగించుట గొట్టమునకే చేటు.

తుదకు బ్రేకు కడ్డీని సరిచేయుట మఱవరాదు. హ్యాండిలు పైకి పోయినచో కడ్డీ లాగబడి బ్రేకు చక్రమును పట్టును. క్రిందికి దిగినచో బ్రేకు పట్టకయే పోవును. దుకాణమువానిచే పని చేయించినను, ఎక్కుటకు ముందు ఈ పరీక్షను మీరే చేయుడు. దానికి పట్టు కాలము ఒక నిమిషము మాత్రమే.