పెంపుడు కుక్కల విదేశీ ప్రయాణం: రేబీస్ నియంత్రణ నియమాలు – పూర్వసన్నాహ క్రమం

వ్యాస సంగ్రహం:

చదువుకో, ఉద్యోగానికో విదేశాలకు వెళ్లే తెలుగువారిలో కొందరు తమ పెంపుడు కుక్కను, పిల్లిని వెంట తీసుకువెళ్లాలని కోరుకుంటారు. ఆ జంతువు ప్రవేశానికి ఆయా దేశాలు విధించే షరతులు చాలావరకు రేబీస్ వ్యాధి చుట్టూ అల్లుకున్నవి. ఈ షరతులకు మూలమైన చరిత్రను, శాస్త్రీయ కారణాలను వివరించడం, వివిధ దేశాల నియమాలను పోల్చి చూపడం, భారతదేశం నుంచి బయలుదేరేవారు పాటించవలసిన క్రమాన్ని, అందుకు పట్టే కాలాన్ని నిర్దేశించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: రేబీస్, మైక్రోచిప్, టీకా, ప్రతిరక్షకాలు, నిరీక్షణ కాలం, క్వారంటైన్, ఆరోగ్య ధ్రువపత్రం.

1. ఉపోద్ఘాతం:

మనిషి ప్రయాణానికి పాస్‌పోర్టు, వీసా, టికెట్టు ఉంటే చాలు.  జంతువు విషయం అలా కాదు. దాని ప్రయాణానికి కావలసిన పనులు కొన్నే అయినా వాటికి నిర్ణీతమైన వరుస ఉంది. ఒక పనికీ మరో పనికీ మధ్య గడవవలసిన రోజుల లెక్క ఉంది. వరుస తప్పితే చేసిన పని చెల్లదు; మళ్లీ మొదటికి రావాలి. వీసా వచ్చాక కుక్క సంగతి చూద్దామనుకునేవారికి చివరి నెలలో తెలిసేది ఈ సంగతే. అప్పటికి మిగిలే దారులు రెండు: ప్రయాణం వాయిదా వేసుకోవడం, లేదా కుక్కను ఎవరికైనా అప్పగించి వెళ్లడం. అప్పగించడానికి ఎవరూ దొరకనప్పుడు వీధిలో విడిచిపెట్టడం కూడా జరుగుతుంది. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును తగిన కారణం లేకుండా వదిలేయడం, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం (1960) 11వ సెక్షన్ ప్రకారం నేరం. కాబట్టి ఈ సన్నాహం సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, బాధ్యతకు సంబంధించినది కూడా.

2. నియమాల చారిత్రక నేపథ్యం:

రేబీస్‌ను సరిహద్దు దగ్గరే అడ్డుకోవాలన్న ఆలోచనకు బ్రిటన్ చరిత్ర మంచి ఉదాహరణ. 19వ శతాబ్దం చివర అక్కడ కుక్కలకు మూతిచిక్కాలు తప్పనిసరి చేశారు. దిగుమతి అయ్యే కుక్కలపై నియంత్రణ విధించారు. 1902 నాటికి ఆ దేశం రేబీస్ నుంచి బయటపడింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే వేళ, 1918లో, బయటి నుంచి రహస్యంగా చేరిన కుక్కల ద్వారా వ్యాధి మళ్లీ ప్రవేశించింది. దానిని తొలగించడానికి 1922 వరకు పట్టింది. ఆ తరువాత దశాబ్దాల పాటు, బయటి నుంచి వచ్చే ప్రతి కుక్కా, పిల్లీ ఆరు నెలలు క్వారంటైన్‌లో ఉండవలసి వచ్చింది.

ఆరు నెలల నిర్బంధం కూడా సంపూర్ణ రక్షణ కాదని 1969లో తేలింది. జర్మనీ నుంచి వచ్చిన ఒక కుక్క క్వారంటైన్ పూర్తిచేసుకొని విడుదలైన కొద్దిరోజులకే కాంబర్లీ పట్టణంలో రేబీస్ లక్షణాలు చూపింది. నిర్బంధ కాలాన్ని మాత్రమే నమ్ముకోవడంలోని పరిమితి ఈ ఘటనతో స్పష్టమైంది. టీకాలు, రక్తపరీక్షలు, మైక్రోచిప్‌లు నమ్మదగిన స్థాయికి చేరుకున్నాక, 2000 ఫిబ్రవరిలో బ్రిటన్ పెంపుడు జంతువుల ప్రయాణ పథకాన్ని ప్రారంభించింది. దానితో బోనులో గడపవలసిన ఆరు నెలల స్థానంలో స్వదేశంలోనే, యజమాని ఇంట్లోనే గడిపే నిరీక్షణ కాలం వచ్చింది. నేటి నియమాలను ఈ మార్పు దృష్టితో చూడాలి. అవి కఠినంగా కనిపించినా పాత నిర్బంధం కన్నా జంతువుకు ఎంతో మేలైనవి.

3. నియమాల శాస్త్రీయ ఆధారం:

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచ రేబీస్ మరణాలలో 36 శాతం భారతదేశంలోనే సంభవిస్తున్నాయి. మనుషులకు సోకే రేబీస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారా వచ్చేదే. అందువల్లనే అనేక దేశాలు భారతదేశాన్ని అధిక ప్రమాద దేశంగా పరిగణించి అదనపు షరతులు విధిస్తున్నాయి. ఆ షరతులలో నాలుగు ప్రధానమైనవి.

3.1 మైక్రోచిప్: బియ్యపు గింజంత ఉండే ఈ పరికరాన్ని మెడ దగ్గర చర్మం కింద అమర్చుతారు. ఐ.ఎస్.ఓ. 11784, 11785 ప్రమాణాలకు లోబడిన 15 అంకెల చిప్‌ను దాదాపు అన్ని దేశాలూ అంగీకరిస్తాయి. చిప్ వేసిన తరువాత ఇచ్చిన రేబీస్ టీకానే లెక్కలోకి వస్తుంది. టీకా ఏ జంతువుకు వేశారో రుజువు చేసేది ఆ సంఖ్య ఒక్కటే. ఏటా క్రమం తప్పకుండా టీకాలు వేయించిన కుక్కకైనా చిప్ ఆలస్యంగా వేయిస్తే పాత టీకాలు ప్రయాణానికి పనికిరావు.

3.2 టీకా: ఐరోపా, అమెరికా నియమాల ప్రకారం జంతువుకు కనీసం 12 వారాల వయసు నిండాక రేబీస్ టీకా వేయాలి. టీకా పత్రంలో చిప్ సంఖ్య, టీకా పేరు, బ్యాచ్ సంఖ్య, తేదీ, గడువు, పశువైద్యుని సంతకం ఉండాలి.

3.3 ప్రతిరక్షకాల పరీక్ష: టీకా వేసినంత మాత్రాన రక్షణ ఏర్పడిందని చెప్పలేం. రక్తరసిలో రేబీస్ ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉన్నాయని పరీక్షలో తేలాలి. గమ్యదేశం గుర్తించిన ప్రయోగశాల ఇచ్చిన ఫలితమే చెల్లుతుంది. ఐరోపా, అమెరికా నియమాల ప్రకారం టీకాకూ రక్త సేకరణకూ మధ్య కనీసం 30 రోజులు గడవాలి.

3.4 నిరీక్షణ కాలం: పరీక్షలో నెగ్గిన తరువాత కూడా నెలల తరబడి ఎందుకు ఆగాలన్న ప్రశ్న సహజం. రేబీస్ వైరస్ గాయం నుంచి నరాల గుండా మెల్లగా మెదడు వైపు సాగుతుంది. కుక్కలలో లక్షణాలు కనిపించడానికి సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల వరకు, అరుదుగా అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. టీకాకు ముందే వైరస్ సోకిన కుక్కకు పరీక్షలో ప్రతిరక్షకాలు కనిపించవచ్చు; అయినా ఆ కుక్క సురక్షితమైనది కాదు. అలాంటి కుక్క నిరీక్షణ కాలంలో జబ్బుపడుతుంది. ఆరోగ్యంగా ఉన్నది ప్రయాణమవుతుంది. పరీక్ష టీకా పనితీరును తేలుస్తుంది. అంతకుముందే సోకిన వ్యాధిని బయటపెట్టేది కాలం.

4. వివిధ దేశాల నియమాలు:

4.1 ఐరోపా సమాఖ్య: భారతదేశం ఐరోపా సమాఖ్య మినహాయింపు జాబితాలో లేదు. అందువల్ల రక్త సేకరణ తేదీ నుంచి మూడు నెలలు గడిచాకే ప్రవేశం. ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన ఆరోగ్య పత్రంతో, అది జారీ అయిన 10 రోజుల లోపు సమాఖ్యలో అడుగుపెట్టాలి. యజమాని ప్రయాణానికీ జంతువు ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉంటే అది వాణిజ్య రవాణా కిందకు వస్తుంది. ఐర్లండ్, ఫిన్లండ్, మాల్టా వంటి చోట్లకు వెళ్లే కుక్కలకు, చేరుకోవడానికి 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగుల మందు కూడా ఇప్పించాలి.

4.2 బ్రిటన్: ఇక్కడా మూడు నెలల నిరీక్షణ ఉంది. భారతదేశం నుంచి విమానంలో వెళ్లే కుక్కలు, పిల్లులు సాధారణంగా కార్గోగానే, గుర్తింపు పొందిన మార్గాలలో చేరుకోవాలి. పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ టోసా వంటి కొన్ని రకాల కుక్కలపై 1991 నాటి చట్టం కింద నిషేధం ఉంది.

4.3 అమెరికా: 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సి.డి.సి.) కొత్త నియమాలు అమలు చేస్తోంది. కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి, చిప్ ఉండాలి, సి.డి.సి. దిగుమతి ఫారం రసీదు ఉండాలి. భారతదేశంలో టీకా వేసిన కుక్కకు ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన ప్రత్యేక పత్రం కావాలి. రక్త నమూనాను ప్రవేశానికి కనీసం 28 రోజుల ముందు తీసి ఉండాలి. ఆమోదయోగ్యమైన పరీక్షా ఫలితం లేకపోతే 28 రోజుల క్వారంటైన్ తప్పదు. సి.డి.సి. గుర్తించిన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. ఆ కేంద్రంలో ముందే స్థలం కేటాయింపు పొందాలి. ఈ సి.డి.సి. నియమాలు కుక్కలకే. పిల్లులకు సి.డి.సి. రేబీస్ టీకా పత్రం అడగదు. హవాయి వంటి రాష్ట్రాలకు మాత్రం సొంత నియమాలున్నాయి.

4.4 జపాన్, ఆస్ట్రేలియా: రేబీస్ లేని ఈ దేశాలలో జాగ్రత్త మరింత ఎక్కువ. జపాన్‌కు చిప్ తరువాత రెండు టీకాలు, ఆపైన రక్తపరీక్ష, నమూనా తీసిన నాటి నుంచి 180 రోజుల నిరీక్షణ అవసరం. చేరడానికి 40 రోజుల ముందే సమాచారం ఇవ్వాలి. ఆస్ట్రేలియా భారతదేశం నుంచి కుక్కలను, పిల్లులను నేరుగా అనుమతించదు. అక్కడికి వెళ్లాలంటే జంతువు ముందుగా ఆస్ట్రేలియా ఆమోదించిన మరో దేశానికి చేరి, అక్కడి నుంచి ప్రయాణించాలి.

5. కాలనిర్ణయం – ఒక ఉదాహరణ:

హైదరాబాదుకు చెందిన ఒక పరిశోధక విద్యార్థి అక్టోబరు 1న కుక్కతో జర్మనీ చేరాలనుకున్నారని భావిద్దాం. మూడు నెలలు వెనక్కి లెక్కిస్తే రక్త నమూనా జూన్ 30 నాటికి తీయించాలి. మరో 30 రోజులు వెనక్కి వెళితే టీకా మే 31 నాటికి పడాలి. చిప్ అదే రోజు, టీకాకు ముందు, వేయించాలి. అంటే నాలుగు నెలలు కనీసపు గడువు. ప్రతిరక్షకాల స్థాయి తక్కువగా వస్తే మళ్లీ టీకా, మళ్లీ పరీక్ష అవసరమవుతాయి కాబట్టి ఆరు నెలలు ఉంచుకోవడం క్షేమం.

ప్రవేశపత్రం అందాక, ఆగస్టు 15న ఈ పని మొదలుపెడితే రక్త నమూనా సెప్టెంబరు 14న తీయాలి. డిసెంబరు 14కు ముందు కుక్క జర్మనీలో అడుగుపెట్టలేదు. తరగతులు అక్టోబరులోనే మొదలవుతాయి. కాబట్టి చిప్, టీకా, రక్తపరీక్షలను విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసే దశలోనే పూర్తిచేయడం వివేకం. ఐరోపా నియమాల ప్రకారం, గడువు తీరకముందే తదుపరి టీకాలు వేయిస్తూ ఉంటే ఒకసారి వచ్చిన పరీక్షా ఫలితం చెల్లుబాటులోనే ఉంటుంది. ప్రవేశం దక్కకపోయినా కుక్కకు రక్షణ మిగులుతుంది.

6. స్వదేశంలో ప్రక్రియ, విమాన ప్రయాణం:

భారతదేశం నుంచి ఎగుమతి ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవా విభాగం. దీనికి హైదరాబాదులోనూ కేంద్రం ఉంది. స్థానిక పశువైద్యుని పత్రాలను, జంతువును పరిశీలించి అధికారులు పత్రం ఇస్తారు. పత్రాలలోని చిప్ సంఖ్య, తేదీలు పరస్పరం సరిపోలుతున్నాయో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. కొద్దికాలానికే వెళ్లేవారు, తిరిగి రావడానికి భారత ప్రభుత్వ దిగుమతి అనుమతి కూడా కావాలన్న సంగతి బయలుదేరకముందే గుర్తుంచుకోవాలి.

కార్గోలో ప్రయాణించే జంతువు పెట్టెలో సహజంగా నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, పడుకోగలగాలి. ప్రయాణానికి కొన్ని వారాల ముందే పెట్టె తెచ్చి, తలుపు తెరిచి ఉంచి, అందులోనే మేత పెడుతూ అలవాటు చేయాలి. మత్తుమందు ఇచ్చి పంపడం ప్రమాదకరం. అది శ్వాస, రక్తపోటు, శరీర సమతౌల్యాలను దెబ్బతీస్తుంది. పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి వంటి చప్పిడిముక్కు జాతులకు వేడిలో శ్వాస కష్టమవుతుంది కాబట్టి పలు విమాన సంస్థలు వాటిపై ఆంక్షలు పెట్టాయి.

అన్ని పెంపుడు ప్రాణులకూ ఈ మార్గం వర్తించదు. రామచిలుకను ఇంట్లో పెంచడమే వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం నేరం. నక్షత్ర తాబేలుకు 2019లో అంతర్జాతీయ ఒప్పందం కింద అత్యున్నత రక్షణ లభించింది. వీటిని విదేశాలకు తీసుకువెళ్లే ప్రశ్నే ఉండదు.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ప్రవేశ నియమాలకు మూలం రేబీస్ వ్యాధి స్వభావం. వైరస్ ప్రయాణానికి పట్టే కాలమే నిరీక్షణ కాలానికి ఆధారం.

• చిప్, టీకా, రక్తపరీక్ష, నిరీక్షణ, ఆరోగ్య పత్రం అన్న వరుస మార్చరానిది. ఐరోపాకు కనీసం నాలుగు నెలలు, జపాన్‌కు కనీసం దాదాపు ఏడు నెలలు అవసరం.

• నియమాలు తరచుగా మారుతుంటాయి. పరీక్షకు ముందు ఒకసారి, టికెట్టు కొనేముందు మరోసారి గమ్యదేశపు అధికారిక ప్రకటనలను సరిచూసుకోవాలి.

• భారతదేశంలో కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లక్ష్యం నెరవేరితే మన వీధుల్లోని పిల్లల ప్రాణాలకు రక్షణ కలుగుతుంది. మన కుక్కల ముందున్న ఈ సరిహద్దు నిబంధనలూ సడలే అవకాశం ఏర్పడుతుంది.