పెద్ద ఓవెన్, పాత తీగ

ఖరగ్‌పూర్ గోల్ బజారులో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన వారి మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. మా మేనమామ అలాంటి కుటుంబం వాడే. వర్క్‌షాపులో వ్యాగన్ల మరమ్మతు విభాగంలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్ళోనే చిన్న సొంత ఇల్లు కట్టుకున్నాడు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉన్న ఊరు కాబట్టి అక్కడ డిసెంబరు వచ్చిందంటే కేకుల కాలమే. ఆ గిరాకీ చూసి మామయ్య కోడలు ఇంట్లోనే కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టింది. చిన్న ఓవెన్ చాలక, రెండు ట్రేలు పట్టే పెద్దది కొన్నారు. పాతది 1200 వాట్లది, కొత్తది 2800 వాట్లది.

నేను వెళ్ళేసరికి కొత్త ఓవెన్ వంటింట్లో మూలన ఖాళీగా కూర్చుని ఉంది. "ఏట్రా, ఎమ్మెస్సీ చదివావు గదా, ఇదేటో చూడు" అన్నాడు మామయ్య. జరిగిన కథ ఇది. కొత్త ఓవెన్ పెట్టిన మొదటి రోజు, రెండో విడత కేకు సగం ఉడికేసరికి వంటింటి ఎం.సి.బి. పడిపోయింది. లేపితే మళ్ళీ కాసేపటికి పడింది. వీధిలో పనిచేసే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి, "16 ఆంపియర్లది చాలడం లేదు" అని దాన్ని తీసి 32 ఆంపియర్లది బిగించి వెళ్ళాడు. అప్పటి నుంచి ఒక్కసారి కూడా పడలేదు. కానీ నాలుగు రోజులకు గోడ దగ్గర ఏదో ప్లాస్టిక్ కమిలిన వాసన వస్తోందని కోడలు గమనించి, ఓవెన్ ఆపేసింది. "ఆర్డర్లు పోతే పోయాయి అన్నయ్యా, భయమేసింది" అంది.

ఆ అమ్మాయి భయపడటం సబబే. ఎందుకో చూడటానికి ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. మనకు కావలసింది పదో తరగతి లెక్క మాత్రమే.

మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 ఓల్టులది. వాట్లను ఓల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. పాత ఓవెన్ తీసుకునేది 5.2 ఆంపియర్లు, కొత్తది 12.2 ఆంపియర్లు. అదే లైను మీద 1600 వాట్ల ఇండక్షన్ పొయ్యి కూడా ఉంది. అది 7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫ్రిజ్‌కు మరో ఆంపియరు లోపు వేసుకోండి. అంటే ఇదివరకు అన్నీ కలిసి పనిచేసినప్పుడు తీగలో 13 ఆంపియర్లు ప్రవహించేవి. ఇప్పుడు 20.

13కూ 20కీ మధ్య తేడా ఒకటిన్నర రెట్లే కదా అనిపిస్తుంది. కానీ తీగలో పుట్టే వేడి ప్రవాహాన్ని బట్టి కాదు, ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఈ సంగతిని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో ప్రకటించాడు. ప్రవాహం రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. మామయ్య వంటింటి గోడలో ఉన్నది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. అలాంటి తీగకు మీటరు పొడవుకు నిరోధం సుమారు 0.012 ఓములు. పోవడానికొకటి, రావడానికొకటి, రెండు తీగలు కాబట్టి 0.024 వేసుకుందాం. 13 ఆంపియర్ల దగ్గర మీటరుకు 4 వాట్ల వేడి పుడుతుంది. 20 ఆంపియర్ల దగ్గర దాదాపు 10 వాట్లు. బోర్డు నుంచి వంటింటికి పది మీటర్ల దూరం ఉంటే మొత్తం 100 వాట్లు. పాతకాలపు 100 వాట్ల బల్బును పట్టుకుంటే చెయ్యి ఎలా చురుక్కుమనేదో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. అంత వేడినీ గంటల తరబడి గోడలో, సిమెంటు కింద, గాలి ఆడని పైపులో పెట్టి మూసేశామన్నమాట. పైగా రాగి వేడెక్కిన కొద్దీ దాని నిరోధం కూడా కొంత పెరుగుతుంది. 50 డిగ్రీలు పెరిగితే నిరోధం సుమారు ఐదో వంతు పెరిగి, వేడి ఇంకా ఎక్కువవుతుంది.

రాగికి దీనివల్ల వచ్చే ముప్పేమీ లేదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెంటిగ్రేడు కావాలి. ముప్పు దానిమీది తొడుగుకు. ఇళ్ళలో వాడే మామూలు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల వరకు తట్టుకునేలా చేసినది. అది దాటితే మెత్తబడుతుంది, రోజుల తరబడి అలాగే వేగితే పెళుసెక్కి పగుళ్ళిస్తుంది. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ ఒకే పైపులో ఆనుకుని ఉంటాయి కదా, తొడుగు పోతే అవి రెండూ తాకడమే తరువాయి.

అందుకే ప్రతి తీగకూ అది క్షేమంగా మోయగల ప్రవాహం ఇంతని ఒక లెక్క ఉంటుంది. పైపులో వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు అది సుమారు 14 ఆంపియర్లు. 2.5కు దాదాపు 19, 4కు 25 దరిదాపుల్లో. తయారీదారులు ఇచ్చే పట్టికల్లో అంకెలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఒకే పైపులో చాలా తీగలు కుక్కితే ఇంకా తగ్గించుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఎం.సి.బి. పని ఏమిటి? ఓవెన్‌ను కాపాడటమని చాలామంది అనుకుంటారు. చదువుకున్నవాళ్ళూ అనుకుంటారు. అది కాపాడేది గోడలోని తీగను. మామయ్యకు ఇది చెప్పడానికి నేను పెద్దగా కష్టపడలేదు. ప్రతి గూడ్సు వ్యాగన్ పక్కనా అది ఎంత బరువు మోయగలదో తెల్లరంగుతో రాసి ఉంటుంది. ఆ అంకె చెరిపి దానికి రెట్టింపు అంకె రాస్తే ఇరుసు బలపడుతుందా అని అడిగాను. మామయ్య నవ్వలేదు. జీవితమంతా హాట్ యాక్సిల్ అనే మాట విన్నవాడు ఆయన. బేరింగు వేడెక్కి, వాసన వచ్చి, పొగ కనిపించి, దారిలో బండి ఆపేసిన సందర్భాలు ఆయనకు తెలుసు. "అయితే ఆ 32 అంకె ఉత్త రంగేనన్నమాట" అన్నాడు.

ఇంకో చిక్కు ఉంది. 16 ఆంపియర్ల ఎం.సి.బి. 17 ఆంపియర్ల దగ్గర ఠక్కున పడిపోదు. దాని లోపల రెండు ఏర్పాట్లుంటాయి. రెండు వేర్వేరు లోహాలను అతికించిన పట్టీ ఒకటి. వేడికి రెండు లోహాలూ ఒకేలా వ్యాకోచించవు కాబట్టి పట్టీ వంగి మీటను తప్పిస్తుంది. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది. రెండోది తీగచుట్ట. షార్ట్ సర్క్యూట్ అయి ప్రవాహం ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగినప్పుడు అది అయస్కాంతంలా పనిచేసి క్షణంలో లాగేస్తుంది. ఇళ్ళలో వాడే ఎం.సి.బి.లకు వర్తించే ప్రమాణం ప్రకారం, దాని అంకెకు 1.13 రెట్ల ప్రవాహం దగ్గర గంట వరకు అది పడకూడదు. 1.45 రెట్ల దగ్గర గంటలోగా పడి తీరాలి. మామయ్య ఇంట్లో 20ని 16తో భాగిస్తే 1.25 వస్తుంది. అంటే ఈ రెంటికీ మధ్య. మొదటి విడత కేకు పూర్తయి, రెండోది సగంలో ఉండగా పడిందంటే ఆ చిన్న పట్టీ తన పని తాను సరిగ్గానే చేసిందన్నమాట. దాన్ని చెడిపోయిందనుకుని మార్చేశారు.

32 ఆంపియర్ల దానితో ఏమవుతుందో మీరే లెక్క కట్టండి. 1.13 రెట్లంటే 36 ఆంపియర్లు. 14 మోయగల తీగలో 36 ప్రవహిస్తున్నా అది కదలకుండా కూర్చోవచ్చు. 36ను 14తో భాగించి వర్గం చేస్తే, తీగ తట్టుకోగల వేడికి ఆరున్నర రెట్లు. ఫ్యూజులున్న రోజుల్లో, కాలిపోయిన సన్న తీగకు బదులు రెండు మూడు పోగులు మెలిపెట్టి కట్టేవాళ్ళుండేవారు. ఇదీ అదే పని, కాకపోతే చూడ్డానికి కొత్తగా ఉంటుంది.

మరి ఆ వాసన గోడలోంచే వచ్చిందా? సాకెట్ విప్పి చూడాలని మెయిన్ ఆపించాను. వంటింట్లో 16 ఆంపియర్ల సాకెట్ ఒకటే ఉంది, దానికి ఇండక్షన్ పొయ్యి తగిలించారు. ఓవెన్‌కు ఉన్న లావు పిన్నుల ప్లగ్గును, బజారులో దొరికే కన్వర్షన్ ప్లగ్ ద్వారా, 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌కు పెట్టారు. ఆరింటికి చేసిన చోట పన్నెండు! లోపలి ఇత్తడి పట్టు నల్లబడి ఉంది, స్క్రూ కింద తీగ వదులుగా ఉంది. వదులు జాయింటు దగ్గర నిరోధం 0.1 ఓము అనుకోండి. వినడానికి ఎంత తక్కువ! కానీ 12.2ను వర్గం చేసి 0.1తో గుణిస్తే 15 వాట్లు. రేడియో బాగుచేసేవాళ్ళు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ సీసాన్నీ తగరాన్నీ కరిగించేది సరిగ్గా అంత శక్తితోనే. పాత ఓవెన్ ఉన్నప్పుడు అదే జాయింటులో 3 వాట్లు కూడా పుట్టేవి కావు. అందుకే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియలేదు. ఇళ్ళలో విద్యుత్తు వల్ల రేగే మంటలకు ఇలాంటి వదులు జాయింట్లు ఒక ముఖ్య కారణం. పాత అల్యూమినియం తీగలున్న ఇళ్ళలో ఇంకా జాగ్రత్త పడాలి. ఆ లోహం ఒత్తిడికి మెల్లగా జారి స్క్రూ కింద తనంతట తానే వదులవుతుంది, పైన విద్యుత్తును ప్రసరింపనివ్వని ఆక్సైడు పొర కూడా కడుతుంది.

చేయవలసిన పని ఒక వరసలో చెప్పవచ్చు: పరికరం తీసుకునే ప్రవాహం కన్నా ఎం.సి.బి. అంకె తక్కువ కాకూడదు, ఎం.సి.బి. అంకె కన్నా తీగ మోయగలిగింది తక్కువ కాకూడదు. ఈ ఓవెన్‌కు 12.2, ఎం.సి.బి. 16, తీగ 25. అంటే బోర్డు నుంచి ఓవెన్ దాకా మధ్యలో ఇంకేదీ తగిలించని విడి లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తు తీగ. 2.5 తీగ కూడా లెక్కకు సరిపోతుంది కానీ, ఖరగ్‌పూర్ ఎండాకాలంలో గోడే కాగిపోతూ ఉంటుంది కాబట్టి నేను 4 వేయించమన్నాను. వంటింటి పాత లైనుకు మళ్ళీ తక్కువ అంకె ఎం.సి.బి., ఈసారి తీగకు తగినట్టు 10 ఆంపియర్లది. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. మీరు లెక్క కట్టండి, స్క్రూడ్రైవరు మాత్రం పట్టుకోకండి. కరెంటు బిల్లు మీద మంజూరైన లోడు ఎంతో కూడా చూడాలి. కొత్త ఓవెన్‌తో అది దాటితే పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి.

తీగ మందం గురించి ఒక సరదా లెక్క. ఖరగ్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని మించాయి. ప్లాట్‌ఫారం ఒక చివర మీటరు, రెండో చివర మన ఓవెన్ ఉందనుకోండి. అదే 4 చదరపు మిల్లీమీటర్ల తీగకు పోను రాను నిరోధం దాదాపు 10 ఓములు. ఓవెన్ నిరోధం 19 ఓములు. ప్రవాహం 8 ఆంపియర్లకు పడిపోతుంది, ఓవెన్‌కు అందేది 1200 వాట్లు. పాత ఓవెన్ కొన్నట్టే! మిగతా 600 వాట్ల పైచిలుకు దారిలో తీగను కాస్తుంది. ఆ ప్లాట్‌ఫారం పక్కనుంచే పోయే డబ్ల్యు.ఎ.పి.-7 ఇంజను శక్తి 4,740 కిలోవాట్లు. దాన్ని 230 ఓల్టులతో నడపాలంటే 20 వేల ఆంపియర్లకు పైగా కావాలి, అంత మోసే తీగను పైన వేలాడదీయలేం. 25,000 ఓల్టులు పెట్టారు కాబట్టి 190 ఆంపియర్లతో సరిపోతోంది.

మామయ్య ఇంట్లో విడి లైను వర్షాలకు ముందే వేయిద్దామనుకున్నారు. వాయిదాలు పడి, దుర్గాపూజల ముందు కుదిరింది. దానితోపాటు ఆర్.సి.సి.బి. కూడా పెట్టించారు. ఫేజులో వెళ్ళిన ప్రవాహం, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన ప్రవాహం సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, అంటే అంత ప్రవాహం మనిషి ఒంట్లోంచో ఓవెన్ రేకులోంచో భూమిలోకి పోతుంటే, ఆపేస్తుంది. ఎం.సి.బి. ఈ పని చేయలేదు. దాని దృష్టిలో 30 మిల్లీ ఆంపియర్లు లెక్కలోకే రావు, మనిషి ప్రాణానికి మాత్రం అంతే చాలు.

ఓవెన్ పెట్టిన మొదటి నిమిషంలోనే ఆర్.సి.సి.బి. పడిపోయింది! "మళ్ళీ మొదలా" అని ఫోను. ఈసారి తీగ తప్పు లేదు. ఓవెన్‌లోని కడ్డీల్లో నైక్రోమ్ తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి దట్టించి ఉంటుంది. వేడిని పోనిచ్చి విద్యుత్తును ఆపడం దాని పని. ఆ పొడికి గాలిలోని తేమను పీల్చుకునే గుణముంది. ఎనిమిది నెలలు అటక మీద, అందులో మూడు నెలలు బెంగాల్ వర్షాల్లో ఉంటే పీల్చుకోక ఏం చేస్తుంది? పీల్చుకున్నాక కొద్ది ప్రవాహం రేకులోకి కారుతుంది. ఆర్.సి.సి.బి.ని తప్పించి ఒకసారి వేడి చేసేస్తే సరిపోతుందని ఎవరో అన్నారట. మామయ్య ఒప్పుకోలేదు. మెకానిక్ వచ్చి మెగ్గర్‌తో కొలిచి, కడ్డీలను ఆరబెట్టి, మళ్ళీ కొలిచాక పెట్టారు. కోడలు చేసిన మొదటి కేకు అడుగున కాస్త మాడిందట. పెద్ద ఓవెన్‌కు పాత టైము పనికిరాదని, ఆ లెక్క మాత్రం తనే చూసుకుంటానని చెప్పింది.