స్విఫ్ట్ కోడ్: విదేశాల నుంచి డబ్బు వస్తోందా? ఐఎఫ్‌ఎస్‌సీకి, దీనికి తేడా ఐదో అక్షరంలోనే ఉంది!

'అమ్మా, మన బ్యాంక్ స్విఫ్ట్ కోడ్ పంపు' అని అమెరికాలో ఉన్న కొడుకు మెసేజ్ పెడతాడు. ఇంట్లో వాళ్లు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తీసి వాట్సాప్ చేసేస్తారు. అందులో 11 అక్షరాల కోడ్ కనిపిస్తుంది కదా, అదే అనుకుంటారు. కానీ అది ఐఎఫ్‌ఎస్‌సీ. మన దేశం లోపల నెఫ్ట్, ఆర్టీజీఎస్, ఐఎంపీఎస్ కోసం వాడేది. విదేశీ బ్యాంక్ ఫామ్‌లో స్విఫ్ట్ గడిలో అది రాస్తే పేమెంట్ ముందుకు కదలదు.

పొరపాటు పడటంలో మన తప్పేం లేదు. రెండూ చూడటానికి అలాగే ఉంటాయి మరి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్‌నే తీసుకోండి. రెండు కోడ్‌లూ 'హెచ్‌డీఎఫ్‌సీ' అనే నాలుగు అక్షరాలతోనే మొదలవుతాయి. అక్కడే ఆగి ఐదోది చూడండి. సున్నా ఉంటే ఐఎఫ్‌ఎస్‌సీ. 'ఐ' ఉంటే స్విఫ్ట్, ఎందుకంటే ఐదు, ఆరు స్థానాల్లో దేశం కోడ్ వస్తుంది, ఇండియాకి అది 'ఐఎన్'. ఆ తర్వాతి రెండూ ప్రాంతాన్ని చెబుతాయి. ఇక్కడికి 8 అక్షరాలు. బ్రాంచ్ కూడా చెప్పాలంటే ఇంకో మూడు కలిసి 11 అవుతాయి. ఆ చివరి మూడూ 'ఎక్స్ఎక్స్ఎక్స్' అని ఉంటే హెడ్ ఆఫీస్ అని అర్థం.

అన్ని బ్యాంకులకూ మొదటి నాలుగు అక్షరాలు కలవవు. యాక్సిస్ బ్యాంక్ ఐఎఫ్‌ఎస్‌సీ ఇప్పటికీ 'యూటీఐబీ' అనే మొదలవుతుంది, దాని పాత పేరు యూటీఐ బ్యాంక్ కాబట్టి. స్విఫ్ట్ కోడ్‌లో మాత్రం 'యాక్సిస్' అనే ఉంటుంది. కాబట్టి ఒకటి చూసి రెండోది ఊహించి రాసేయొద్దు.

ఇంతకీ స్విఫ్ట్ అంటే 1973లో బెల్జియంలో మొదలైన ఒక సంస్థ. అది డబ్బు పంపదు, బ్యాంకుల మధ్య మెసేజ్‌లు మాత్రమే పంపుతుంది. ఆ మెసేజ్ ఏ బ్యాంకుకు చేరాలో చెప్పే అడ్రస్సే ఈ కోడ్. దీన్నే బిక్ అని కూడా అంటారు.

మీ బ్రాంచ్‌కి సొంతంగా స్విఫ్ట్ కోడ్ లేకపోయినా కంగారు వద్దు. మన ఊళ్లలోని చాలా బ్రాంచ్‌లకు ఉండదు. బ్యాంక్‌లో అడిగితే వేరే బ్రాంచ్‌దో, హెడ్ ఆఫీస్‌దో ఇస్తారు. దాంతోపాటు మీ అకౌంట్ నంబర్, పేరు కరెక్ట్‌గా ఉంటే చాలు. ఫామ్‌లో ఐబాన్ అడిగితే? ఇండియాలో ఆ పద్ధతి లేదు, మామూలు అకౌంట్ నంబరే ఇవ్వాలి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఒక డౌట్ రావొచ్చు, 'మేం ఎప్పుడూ ఐఎఫ్‌ఎస్‌సీతోనే పంపుతున్నాం కదా' అని. నిజమే. ఎక్స్ఛేంజ్ హౌస్‌లు, యాప్‌లు చాలావరకు ఇక్కడి ఏదో ఒక బ్యాంకు ద్వారా మన ఖాతాలో వేయిస్తాయి. అందుకే వాటికి ఐఎఫ్‌ఎస్‌సీ సరిపోతుంది. బ్యాంక్ నుంచి బ్యాంక్‌కి వైర్ ట్రాన్స్‌ఫర్ చేస్తేనే స్విఫ్ట్ కావాలి.

అలా పంపినప్పుడు వెయ్యి డాలర్లకు కొంచెం తక్కువ వస్తే ఆశ్చర్యపోకండి. దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకులు చార్జీలు కోసుకుంటాయి. పంపేటప్పుడే చార్జీలన్నీ నావే అనే 'అవర్' ఆప్షన్ ఉందేమో అడగమనండి. కాలేజీ ఫీజులాంటివి కట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

రోజులు గడిచినా డబ్బు పడకపోతే పంపినవాళ్లు తమ బ్యాంకులో 'స్విఫ్ట్ కాపీ' తీసుకోవాలి. పేమెంట్‌ని ట్రాక్ చేసే యూఈటీఆర్ అనే 36 క్యారెక్టర్ల నంబర్ కూడా అడగాలి. ఆ రెండూ మీ బ్రాంచ్‌లో ఇస్తే డబ్బు ఏ బ్యాంక్ దగ్గర ఆగిందో వెతకడం వాళ్లకి తేలికవుతుంది.