ప్రేక్షకులు లేని ఆట

కరోనా వ్యాధి ప్రబలిన 2020వ సంవత్సరమున, మార్చి 29వ తేదీని మొదలు కావలసిన ఐ.పి.ఎల్. క్రికెట్ పోటీలు నిలిచిపోయెను. ప్రేక్షకులు లేకుండ వానిని మరల జరుపవచ్చునా యను ప్రశ్న నాడు పుట్టెను.

ఆట ప్రాణముకంటె మిన్నయా యని మనలో పెక్కురు తలచితిమి. ఆ మాట నిజమే. కాని మనకు వినోదమైనది మరికొందరికి జీవనాధారము. ఈ పోటీలకు టెలివిజన్ ప్రసారములవలన వచ్చు ధనమే ముఖ్యాధారము గనుక, మైదానము శూన్యముగా నున్నను ఆటగాండ్రకును సిబ్బందికిని జీతములు ముట్టును. అయితే మైదానపు వాకిట వేరుసెనగలు, జెండాలు అమ్ముకొను వారికి ఆ ధనములో పాలు లేదు. వారిని తలచినవారు తక్కువ.

తుదకు సెప్టెంబరు 19 మొదలు నవంబరు 10 వరకు దుబాయి, అబూదాబి, షార్జాలలో పోటీలు నడచెను. ఆటగాండ్రను బయటివారితో కలియనీయక, మాటిమాటికి పరీక్షలు చేయించుచు, వానిని ముగింపగలిగిరి. మరుసటి యేట ఏప్రిల్ 9న మన దేశముననే ప్రారంభించిరి. ఆసుపత్రులలో ప్రాణవాయువు చాలక జనులు అల్లాడుచుండ ఆట సాగుట మనస్సునకు కష్టముగా నుండెను. కట్టుబాట్లను దాటి వ్యాధి ఆటగాండ్రకు సోకగా మే 4న ఆపవలసివచ్చెను.

కావున మా యభిప్రాయ మిది: ప్రేక్షకులను రానీయకుండుట యొక్కటియే చాలదు. ఆ యూరి రోగులకు పడకయు, వైద్యుని సేవయు కొరవడనిచో ఆట సాగవచ్చును. కొరవడినచో ఆగుటయే మేలు. ఇంట నొకరు జ్వరముతో పడియుండగా, తలుపులు మూసికొనియైనను మనము పేరంటము చేయుదుమా?